సేవ మనది, దెబ్బ ఎవరిది?

మూడేళ్ల క్రితం అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున అమెరికాలోని వర్జీనియా కొండల్లో కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. నేనక్కడికి విహారానికి వెళ్లలేదు. వాననీరు పారి కాలిబాట కోసుకుపోకుండా, నీటిని పక్కకు మళ్లించడానికి దారికి అడ్డంగా ఏటవాలుగా రాళ్లు పాతుతున్నాం. గునపంతో రాయి కదిలిస్తుంటే కింద మట్టి జారింది. ఈ పనికి నాకెవరూ డబ్బివ్వరు. నెలకు ఒకటి రెండుసార్లు పులిహోర, పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని, పదిమందితో కలిసి వెళ్లి చేసి వస్తాను.

మరుసటి ఏడాది మా బృందంలోని ఇంకో తెలుగమ్మాయి పడింది. అదే పని, అదే మట్టి. ఆమెకు చీలమండ విరిగింది. నా చికిత్సకు నా చేతి నుంచి ఒక్క డాలరు ఖర్చు కాలేదు. ఆమె ఇంటికి మాత్రం నెలల తరబడి ఆస్పత్రి బిల్లులు వస్తూనే ఉన్నాయి. ఇద్దరం స్వచ్ఛందంగా వెళ్లినవాళ్లమే. ఇద్దరం ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లమే. మరి ఈ తేడా ఎందుకొచ్చింది?

దేశంలో ఉన్నప్పుడు పదేళ్లు ఒక మహిళా సంఘంలో తిరిగినదాన్ని. ఆ అలవాటు కొద్దీ ఈ తేడాకు కారణం వెతుక్కుంటూ పోయాను. తెలిసిన విషయాలు మన పాఠకులకు, ముఖ్యంగా స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్నేహితులకు పనికొస్తాయనిపించి రాస్తున్నాను.

దారి ఎవరిది, శ్రమ ఎవరిది?

నేను పడిన దారి పేరు అపలాచియన్ ట్రెయిల్. జార్జియా నుంచి మెయిన్ వరకు 14 రాష్ట్రాల గుండా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే కాలిబాట ఇది. అందులో దాదాపు నాలుగో వంతు మా వర్జీనియాలోనే ఉంది. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన దీన్ని ప్రతిపాదించాడు. 1937 నాటికి మొత్తం దారి పూర్తయింది. 1968లో పార్లమెంటు (అక్కడ కాంగ్రెస్ అంటారు) చట్టం చేసి దీన్ని జాతీయ కాలిబాటగా ప్రకటించింది. కానీ ఈ రోజుకీ విరిగిపడిన చెట్లు కొయ్యడం, పొదలు నరకడం, మెట్లు కట్టడం, చెట్లకు తెల్లరంగు గుర్తులు వెయ్యడం ఎక్కువ భాగం చేసేది మాలాంటి జీతం లేని మనుషులే. పొడవునా ముప్పై దాకా క్లబ్బులు ఈ దారిని ముక్కలుగా పంచుకుని చూసుకుంటున్నాయి.

ఈ దారి చరిత్రలో మనం తలచుకోవలసిన స్త్రీ ఒకామె ఉంది. పేరు ఎమ్మా గేట్‌వుడ్. పదకొండు మంది పిల్లల తల్లి. ఏళ్ల తరబడి భర్త చేతిలో చావుదెబ్బలు తిని బయటపడిన మనిషి. 1955లో, 67 ఏళ్ల వయసులో, ఒక్కతే ఈ దారి మొత్తం నడిచింది. నడిచాక పొగడ్తలు వింటూ ఊరుకోలేదు. దారి ఎంత అధ్వాన్నంగా ఉందో పత్రికలవాళ్లకు చెప్పింది. తర్వాత ఒహాయోలో బకై ట్రెయిల్ సంఘం పెట్టినప్పుడు అందులోనూ ఉంది. అమ్మమ్మ వయసులో ఒక ఆడమనిషి ధైర్యంగా ఒంటరిగా నడవాలంటే ఎవరో ఒకరు ఆ దారిని బాగుచేసి ఉంచాలి. అందుకే ఈ పనిని నేను చిన్నదనుకోను.

మరి ప్రభుత్వం ఏం చేస్తున్నట్టు? 2013లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. అటవీ శాఖ కింద సుమారు రెండున్నర లక్షల కిలోమీటర్ల కాలిబాటలుంటే, శాఖ పెట్టుకున్న ప్రమాణాలకు సరితూగేవి నాలుగో వంతు మాత్రమేనని తేల్చింది. దానికి 2016లో దొరికిన పరిష్కారం స్వచ్ఛంద సేవకుల శ్రమను పెంచమని చెప్పే చట్టం! ఖజానా నుంచి రావలసిన శ్రమ ఎవరి ఒంట్లోంచో వస్తుందన్నమాట. ఈ కథ మనకు కొత్తది కాదు కదా.

రెండు ప్రశ్నలు

జీతం లేని మనిషి పనిచేసేటప్పుడు చట్టం ముందు రెండు ప్రశ్నలుంటాయి. ఒకటి, ఆ మనిషి చేసిన పని వల్ల వేరొకరికి దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులు? నేను పాతిన రాయి వారం తర్వాత కదిలి, దారినపోయే ముసలాయన పడ్డాడనుకోండి. రెండు, పనిచేసే మనిషికే దెబ్బ తగిలితే ఎవరు చూడాలి?

చట్టసభల్లో ఎక్కువగా వినిపించేది మొదటి ప్రశ్న. దానికి జవాబుగా 1997 జూన్‌లో అమెరికాలో స్వచ్ఛంద సేవకుల రక్షణ చట్టం వచ్చింది. దావాల భయంతో జనం సేవకు ముందుకు రావడం లేదన్నది ఆ చట్టానికి చెప్పిన కారణం. లాభాపేక్ష లేని సంస్థకు గానీ ప్రభుత్వ సంస్థకు గానీ జీతం లేకుండా పనిచేసే మనిషి, తనకు అప్పగించిన పనిలో మామూలు నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా హాని చేస్తే, ఆ నష్టానికి వ్యక్తిగతంగా బాధ్యత ఉండదు. ఖర్చులు తిరిగి తీసుకోవచ్చు. అంతకుమించి ఏడాదికి 500 డాలర్లకు పైబడి ప్రతిఫలం తీసుకుంటే ఈ రక్షణ పోతుంది.

దీనికి హద్దులున్నాయి. కావాలని చేసిన హానికీ, ఘోరమైన నిర్లక్ష్యానికీ రక్షణ లేదు. లైసెన్సు గానీ అనుమతిపత్రం గానీ అవసరమైన పనిని అది లేకుండా చేస్తే రక్షణ లేదు. బండి నడుపుతూ గుద్దితే లేదు. తాగి చేస్తే లేదు. లైంగిక నేరం, హింసాత్మక నేరం రుజువైతే, పౌరహక్కుల చట్టాన్ని ఉల్లంఘిస్తే లేదు. ఈ చివరి మాటలు చట్టంలో ఉండడం మంచిదైంది. సేవ పేరు చెప్పుకుని ఆడపిల్లల దగ్గరకు చేరేవాళ్లను మనం చూడలేదా?

కానీ ఈ చట్టం చెయ్యనివి కూడా చూడాలి. ఇది దావా పడకుండా ఆపదు. పడ్డాక కోర్టుకెళ్లి, ఈ రక్షణ నాకు వర్తిస్తుందని చెప్పుకోవాలి. వకీలు ఖర్చు ఎవరిస్తారో అందులో లేదు. ఇది సంస్థకు రక్షణ ఇవ్వదు. సంస్థే తిరిగి వాలంటీరు మీద దావా వేస్తే అడ్డుకోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వాలంటీరుకే దెబ్బ తగిలితే ఏమిటన్న రెండో ప్రశ్నను ఇది ముట్టుకోనే లేదు.

ఇంకో సంగతి. నడిచేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకుండా భూమిని తెరిచి ఉంచిన యజమానికి బాధ్యత తగ్గించే చట్టాలు కూడా అమెరికా రాష్ట్రాలన్నిట్లో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. అంటే భూమి యజమానికి రక్షణ ఉంది, రాయి పాతిన మనిషికి రక్షణ ఉంది. మిగిలింది క్లబ్బు. దానికి బీమా లేకపోతే దాని దగ్గరుండేది నాలుగు పారలు, రెండు రంపాలు. అందరూ తప్పుకోగా చివరికి నష్టం దెబ్బతిన్న ముసలాయన నెత్తిన పడుతుంది. ఆస్పత్రి మెట్లెక్కితేనే అప్పుల పాలయ్యే దేశంలో దీన్ని రక్షణ అనడానికి నాకు మనసొప్పడం లేదు. నష్టం మాయం కాలేదు. ఒకరి నెత్తి మీది నుంచి ఇంకొకరి నెత్తి మీదికి మారిందంతే.

పాత చట్టాలే నయం

నన్ను కాపాడింది 1997 చట్టం కాదు. అంతకన్నా చాలా ముందు వచ్చిన రెండు చట్టాలున్నాయి. జాతీయ పార్కుల్లో పనిచేసే వాలంటీర్ల కోసం 1970లో చేసిన చట్టం ఒకటి, జాతీయ అడవుల్లో పనిచేసేవాళ్ల కోసం 1972లో చేసింది ఇంకొకటి. 1983లో కాలిబాటల చట్టాన్ని సవరించినప్పుడు, దారుల పనికి వాలంటీర్లను ఈ రెండు చట్టాల కింద తీసుకోవచ్చని స్పష్టంగా రాశారు.

ఆ చట్టాలు చెప్పేది చాలా తేలిక. వాలంటీరు ప్రభుత్వ ఉద్యోగి కాదు. కానీ రెండు విషయాల్లో మాత్రం ఉద్యోగితో సమానంగా చూడాలి. ఆమె పని వల్ల ఇతరులకు హాని జరిగితే దావా ఆమె మీద కాదు, ప్రభుత్వం మీద నడుస్తుంది. ఆమెకు దెబ్బ తగిలితే ప్రభుత్వోద్యోగికి పనిలో దెబ్బ తగిలినప్పుడు దొరికే పరిహారమే దొరుకుతుంది. రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే: శ్రమ ఎవరికి అందుతోందో బాధ్యత వాళ్లదే. అక్కడ కూడా ప్రభుత్వం తప్పించుకునే సందులు లేకపోలేదు. అయినా దెబ్బతిన్న ముసలాయనకు అడగడానికి ఒక గుమ్మమంటూ ఉంటుంది.

నేను పడిన చోటు జాతీయ పార్కుల శాఖ భూమి. పొద్దున్నే బృంద నాయకురాలు సంతకాల కాగితం అందరికీ తిప్పింది. చెప్పిన పనే చేస్తున్నాను. ఆ ఒక్క కాగితం వల్ల నేను గట్టెక్కాను.

ఆ అమ్మాయి సంగతి

మా అమ్మాయి పడింది ఒక కౌంటీ పార్కులో. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పైన చెప్పిన రెండు చట్టాలూ కేంద్రప్రభుత్వ భూములకే వర్తిస్తాయి గనక అవి ఆమెకు లేవు. అక్కడా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. కాకపోతే అది ఏం జరిగినా మిమ్మల్ని అడగనని రాసిచ్చే కాగితం. చదవకుండా సంతకం పెట్టింది. మనలో ఎంతమందిమి చదువుతాం?

నిజానికి వర్జీనియాలో అటువంటి కాగితం చెల్లదు. ఒంటికి తగిలే గాయాల విషయంలో ముందుగా హక్కు వదులుకుంటూ రాసిన ఒప్పందాలు చెల్లవని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1992లోనే తీర్పిచ్చింది. ఈ మాట నేను చెప్పగానే ఆ అమ్మాయి ముఖంలో వెలుగు వచ్చింది. కానీ ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. పార్కుల్లో మామూలు నిర్లక్ష్యానికి కౌంటీ బాధ్యత వహించనక్కర్లేదని రాష్ట్ర చట్టం చెబుతోంది. ఘోరమైన నిర్లక్ష్యం ఉందని రుజువు చెయ్యాలి. మట్టి జారడం ఘోరం ఎలా అవుతుంది? కాగితం చెల్లకపోయినా దారి మూసుకుపోయింది.

ఆమె భర్త ఉద్యోగం మీద, అతని వీసాకు ఆధారపడిన వీసాతో వచ్చిన మనిషి. దేశంలో ఎమ్మెస్సీ చదివి కాలేజీలో పాఠాలు చెప్పింది. ఇలా వచ్చే భార్యలకు మొదట్లో జీతానికి పనిచేసే హక్కే లేదు. 2015 తర్వాత కొందరికి అనుమతి దొరికింది, అందరికీ కాదు. ఈమెకు లేదు. నాలుగు గోడల మధ్య పిచ్చెక్కుతోందని దారుల పనికి వచ్చింది. చేతిలో గొడ్డలి పట్టుకుని చెట్టుకొమ్మ నరికిన రోజున ఎంత సంతోషపడిందో నాకు గుర్తుంది.

ఆరోగ్య బీమా భర్త ఉద్యోగం ద్వారా వచ్చేది. అది కొంత కట్టింది. మిగిలినది భర్త జీతంలోంచి కట్టాలి. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, డబ్బు గురించి కాదు. బిల్లు వచ్చిన ప్రతిసారీ 'నిన్నెవరు వెళ్లమన్నారు?' అంటున్నాడు. కాలు నయమైనా ఇక రానులే" అంది. మళ్లీ రాలేదు.

చట్టంలో ఉన్న ఆ ఖాళీ ఒక ఆడమనిషి ఇంట్లోకి ఇలా వచ్చి కూర్చుంటుంది. సొంత సంపాదన ఉన్న మగవాడికి అది ఒక నష్టం, కట్టేసి మర్చిపోతాడు. సంపాదన లేని స్త్రీకి అది గడప దాటే హక్కుకే ఎసరు. బాధ్యత ఎవరూ తీసుకోని సేవలో చివరికి మిగిలేది డబ్బున్నవాళ్లే. దాన్ని స్వచ్ఛందం అందామా?

మన దగ్గర వాలంటీరు అంటే

ఈ అమెరికా గొడవ మనకెందుకని అనుకోవచ్చు. మన దగ్గర వాలంటీరు అన్న మాట ఎవరి మీద పడుతోందో చూడండి. 1975లో మొదలైన ఐసీడీఎస్ అంగన్‌వాడీ కార్యకర్తలను గౌరవ కార్యకర్తలంది. వాళ్లవి ప్రభుత్వ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రాట్యుటీకి మాత్రం అర్హులేనని అదే కోర్టు అనడానికి 2022 దాకా పట్టింది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్తను కూడా గౌరవ వాలంటీరు అనే పిలిచారు. అర్ధరాత్రి గర్భిణిని ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లే ఈ మనిషిది ఉద్యోగం కాదట! అమెరికాలో సరదాగా కొండెక్కి రాళ్లు పాతే నాకు పని గాయాలకు ఉద్యోగితో సమానమైన హక్కుంది. బతుకుతెరువు కోసం రోజంతా తిరిగే ఆశాకు అది లేదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం కేంద్రం ఆశాలను కూడా కలుపుకుని 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. తలచుకుంటే చెయ్యగలరనే కదా దీనర్థం?

పనిలో గాయపడితే పరిహారమిచ్చే 1923 నాటి చట్టమైనా, దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ అయినా జీతానికి పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అమెరికా 1997 చట్టం వంటిదీ మన దగ్గర లేదు. రోడ్డు ప్రమాదంలో ఉన్నవాళ్లకు మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసులు పెట్టకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో అది సెక్షన్ 134ఏగా చేరింది. అంతవరకే.

అయితే ఒక్క చోట మన స్త్రీల ఉద్యమం ఈ గోడను బద్దలు కొట్టింది. 1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవి బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు సామూహిక అత్యాచారానికి గురైంది. ఆమె ప్రభుత్వ కార్యక్రమంలో గౌరవ వేతనం మీద పనిచేసే సాథిన్. ఆమె పోరాటం వెనుక నిలబడిన సంఘాలు వేసిన కేసులోనే 1997 ఆగస్టులో విశాఖ తీర్పు వచ్చింది. అమెరికాలో వాలంటీర్ల చట్టం వచ్చిన రెండు నెలలకే. దాని ఆధారంగా వచ్చిన 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ఉద్యోగి అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చూడండి. జీతం ఉన్నా లేకపోయినా, స్వచ్ఛందంగా పనిచేస్తున్నా ఆమె ఉద్యోగి కిందే లెక్క. ఒక హక్కు విషయంలో వాలంటీరును ఉద్యోగిగా చూడవచ్చని మన పార్లమెంటు ఒప్పుకుంది. చెయ్యి విరిగినప్పుడు మాత్రం ఎందుకు చూడకూడదు?

ముందు మన ఇల్లు

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనల్ని మనం అడుక్కోవాలి. ఏజెన్సీ గూడేలకు, వరద ప్రాంతాలకు మన సంస్థలు ఎంతమంది ఆడపిల్లలను వాలంటీర్లుగా పంపడం లేదు? వెళ్లిన పిల్ల బండి మీంచి పడితే చందాలు వేసుకుంటాం. చందా దయ అవుతుంది గానీ హక్కు కాదు. పెద్ద సంస్థలకు ఇది కష్టం కాదు. చిన్న సంఘాలకు కష్టమే, నాకు తెలుసు. అయినా కొన్ని పనులకు పెద్దగా డబ్బు అక్కర్లేదు.

వెళ్లే ప్రతి మనిషి పేరు, వెళ్లే చోటు, చెయ్యవలసిన పని, తేదీ ఒక పుస్తకంలో రాసి సంతకం తీసుకోండి. ఆ రోజు నన్ను కాపాడింది అటువంటి కాగితమే. ఏం జరిగినా మాకు సంబంధం లేదని రాయించుకోవడం మానండి. దాని బదులు ఏం జరిగితే సంస్థ ఏం చేస్తుందో రాసి ఇవ్వండి. నేర్పకుండా ఏ పనీ అప్పగించకండి. కార్యక్రమ బడ్జెట్‌లో టీ ఖర్చు రాసినట్టే బృంద ప్రమాద బీమాకు ఒక పద్దు రాయండి. దాతలు కొట్టేస్తే ఎందుకు కొట్టేశారని అడగండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలు చాలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా పూర్తి వికలాంగులైనా 2 లక్షలు వస్తాయి. అయితే అది ఆస్పత్రి బిల్లు కట్టదని గుర్తుంచుకోండి.

వాలంటీరు మీద దావా పడకుండా చూడాలనే మాట నేనూ ఒప్పుకుంటాను. తెలియక జరిగిన పొరపాటుకు ఇల్లమ్ముకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. కానీ ఆ రక్షణ దెబ్బతిన్న మనిషి నోరు నొక్కడం ద్వారా రాకూడదు, శ్రమ తీసుకున్న సంస్థో ప్రభుత్వమో ముందుకొచ్చి నిలబడడం ద్వారా రావాలి. ఆశాలకు, అంగన్‌వాడీలకు పని గాయాల పరిహారం అడిగేటప్పుడు మన డిమాండ్లలో ఈ మాటను ఇలాగే స్పష్టంగా రాసుకుందాం.

నా మణికట్టు అతుక్కుంది. చలిరోజుల్లో కొంచెం లాగుతుంది. మళ్లీ దారుల పనికి వెళ్తున్నాను. ఇప్పుడు ఏ కాగితమైనా చదివాకే సంతకం పెడతాను, పక్కనున్నవాళ్లకు చదివి వినిపిస్తాను కూడా. కిందటి నెల ఆ కౌంటీ పార్కు సమావేశానికి వెళ్లి, వాలంటీర్లకు ప్రమాద బీమా ఎందుకు లేదని అడిగాను. పరిశీలిస్తామన్నారు. ఈ మాట మనం ఎన్ని ఆఫీసుల్లో వినలేదు! వచ్చే సమావేశానికి మళ్లీ వెళ్తాను. మా అమ్మాయినీ రమ్మన్నాను. ఇంకా ఏమీ చెప్పలేదు.

మీ సంస్థల్లో ఈ విషయం ఎలా ఉందో, వాలంటీరుకు దెబ్బ తగిలినప్పుడు మీరేం చేశారో పత్రికకు రాయండి. దీని మీద చర్చ మన మధ్యనే మొదలవ్వాలి.